మార్క్ 1 స్టార్‌ని మళ్ళీ మార్క్ 1 చెయ్యొచ్చా? తోక హ్యామర్ దొరికింది, బిగించనా వద్దా

పాతఇనుము:
అందరికీ నమస్కారం. విషయం ఇదీ. నా దగ్గర బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్ ఒకటి ఉంది, .38 క్యాలిబర్. ఫ్రేమ్ కుడివైపు 1936 అని కొట్టి ఉంది. అంటే పుట్టినప్పుడు అది మార్క్ 1. హ్యామర్‌కి (ట్రిగ్గర్ నొక్కితే తూటాని పేల్చడానికి ముందుకు పడే ముక్క) వెనక తోక ఉండేది, బొటనవేలితో వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చుకునే వీలుండేది. 1938లో మార్క్ 1 స్టార్ వచ్చాక పాతవాటిని కూడా వరసబెట్టి మార్చేశారు కదా, నాదీ ఆ బాపతే. తోక లేదు, డబుల్ యాక్షన్ మాత్రమే, అంటే ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ లేచి పడుతుంది. మార్క్ 1 అన్న ముద్ర పక్కన ఒక నక్షత్రం కొట్టారు.

ఇప్పుడు పాత స్పేర్ పార్టుల పెట్టెలో తోక ఉన్న అసలు హ్యామర్ ఒకటి దొరికింది. మంచి కండిషన్. దాన్ని బిగిస్తే నా పీసు 1936లో ఎలా ఉండేదో అలా అవుతుంది. ఒక మిత్రుడు "ఇంకా ఆలోచిస్తున్నావా" అంటాడు, ఇంకొకాయన "ముట్టుకున్నావంటే నీతో మాట్లాడను" అంటాడు. ఇద్దరూ నాకంటే చాలా ఏళ్ళ సీనియర్లు. మీరేమంటారు?

ఆరుగుళ్ళు:
బిగించండి. ఇందులో ఆలోచించడానికేముంది. మార్పు చెయ్యని మార్క్ 1 దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు, దాదాపు అన్నిటికీ తోకలు కోసేశారు. మీ పీసు మార్క్ 1గా పుట్టింది, మార్క్ 1గా ఉండనివ్వండి. నచ్చకపోతే మళ్ళీ తీసేయొచ్చు, దాన్నేం వెల్డింగ్ చెయ్యట్లేదుగా.

ముద్రలవేట:
వద్దండీ. దయచేసి వద్దు.

ఆరుగుళ్ళు గారు చాలా తేలిగ్గా చెప్పేశారు గానీ, ఆ నక్షత్రం ఎందుకు కొట్టారో ఒక్కసారి చూడండి. బ్రిటిష్ సైన్యంలో మార్క్ అంటే మోడల్, స్టార్ అంటే ఆ మోడల్‌కి చేసిన మార్పు. ఇది ఎన్‌ఫీల్డ్‌తో మొదలైన పద్ధతి కూడా కాదు, దీనికంటే ముందు సైన్యం వాడిన వెబ్లీ రివాల్వర్లలో మార్క్ 1 రోజుల నుంచే మార్క్ 1 స్టార్ అని పిలవడం ఉంది. అంటే మార్చిన తుపాకిని వాళ్ళే ఒక వేరే రకంగా లెక్క కట్టి, పేరు పెట్టి, లోహం మీద కొట్టి మరీ పంపారు. మనమేదో ఇప్పుడు కూర్చుని వేరియేషన్లు కనిపెట్టడం కాదు. మీ దగ్గర ఉన్నది "చెడిపోయిన మార్క్ 1" కాదు పాతఇనుము గారూ. 1936లో తయారై, తర్వాత మారి, ఆ మారిన రూపంలోనే సైన్యంలో తిరిగిన మార్క్ 1 స్టార్. 1940లోనో 41లోనో మొదటినుంచీ తోక లేకుండా తయారైన మార్క్ 1 స్టార్‌కీ దీనికీ తేడా ఉంది. నా లెక్కలో ఇవి రెండు వేర్వేరు వేరియేషన్లు, మీది వాటిలో ఎక్కువ కథ ఉన్నది.

ఇప్పుడు తోక హ్యామర్ పెట్టారనుకోండి. ఫ్రేమ్ మీద నక్షత్రం అలాగే ఉంటుంది. స్టార్ ముద్ర, తోక హ్యామర్, రెండూ ఒకే తుపాకి మీద. అలాంటిది ఏ స్టోర్ నుంచీ ఇష్యూ కాలేదు. 1936 రూపానికి తీసుకెళ్తున్నానని మీరనుకుంటారు, కానీ ఎన్నడూ లేని తుపాకి ఒకటి తయారవుతుంది. పోనీ నక్షత్రం కూడా చెరిపేస్తే? అది ఇంకా ఘోరం, దాని సంగతి నేను మాట్లాడను.

ఆరుగుళ్ళు:
నక్షత్రం చెరపమని ఎవరన్నారు సార్? అది నేనూ ఒప్పుకోను.

కానీ నాకో సందేహం. ఆర్సెనల్‌లో ఒక మెకానిక్ హ్యామర్ మారిస్తే చరిత్ర, ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత ఒక కలెక్టర్ అదే పని తిరగేసి చేస్తే పాపమా? వాళ్ళు చరిత్ర రాద్దామని తోక తియ్యలేదు. ట్యాంకు సిబ్బందికి ఇరుకులో తోక ఎక్కడో ఒకచోట తగులుకుంటోందన్నారు, సరే తీసెయ్ అన్నారు. ఆ నిర్ణయం ఎంతమంది సైనికులకి నచ్చలేదో కూడా మీకు తెలుసు, బరువైన డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌తో గురి కుదరట్లేదని విసుక్కున్నవాళ్ళు బోలెడుమంది. నేను కలెక్షన్ పెట్టుకునేది ఒక డిజైన్ ఎలా మొదలై ఎలా మారిందో వరసలో చూడటానికి. ఆ వరసలో మార్క్ 1 ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. మారిపోయిన పీసులు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని పాత రూపంలో చూపిస్తే కుప్పకి వచ్చే నష్టమేంటి?

తర్వాత, ఇక్కడ చాలామంది దగ్గర గ్రిప్పులు మార్చిన పీసులున్నాయి. పగిలిన గ్రిప్ తీసేసి అదే కాలం నాటి చెక్క గ్రిప్ పెడితే అందరూ లైకులు కొడతారు. హ్యామర్ అనేసరికి ధర్మశాస్త్రం గుర్తొస్తుంది.

తులాబ్యాచ్:
ఈ చర్చ నగాంత్ వాళ్ళం రోజూ చేసుకునేదే, మీరిప్పుడు మొదలెట్టారు అంతే :)

తెలియనివాళ్ళ కోసం చిన్నగా చెప్తాను. నగాంత్ 1895 బెల్జియంలోని లియేజ్‌లో లియోన్ నగాంత్ డిజైన్. ఏడు గుళ్ళు. హ్యామర్ లేచినప్పుడు సిలిండర్ ముందుకు జరిగి బ్యారెల్‌కి ఆనుకుని గ్యాస్ బయటికి పోకుండా మూసేస్తుంది. ఈ ఏర్పాటు కోసమే దాని తూటా కూడా విడ్డూరంగా ఉంటుంది, బుల్లెట్ మొత్తం కార్ట్రిడ్జ్ కేసులోపలికి దిగిపోయి కనిపించదు. మొదటివి లియేజ్‌లోనే తయారయ్యాయి, తర్వాత రష్యాలోని తులాలో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇజెవ్‌స్క్‌లో కూడా. జార్ కాలంలో ఆఫీసర్లకి డబుల్ యాక్షన్, మామూలు సైనికులకి సింగిల్ యాక్షన్ ఇచ్చేవాళ్ళు. సైనికుడి చేతిలో డబుల్ యాక్షన్ ఉంటే గుళ్ళు వృథా చేస్తాడని వాళ్ళ భయం! సోవియట్ రోజుల్లో సింగిల్ యాక్షన్ తయారీ ఆపేసి, పాతవాటిని రిపేరుకి వచ్చినప్పుడల్లా డబుల్ యాక్షన్‌కి మార్చేశారు. అంటే బ్రిటిష్‌వాళ్ళు ఒకవైపు నుంచి తీసేస్తే రష్యన్లు ఇంకోవైపు నుంచి కలిపారు. అందుకే ముట్టుకోని సైనికుడి నగాంత్ ఇవాళ దొరకడం గగనం.

ఇక రెండో ప్రపంచయుద్ధం తర్వాత రీఫర్బ్ అని ఒక పెద్ద తంతు జరిగింది. అన్నీ విప్పి, పార్టులు కలగలిపి, మళ్ళీ బిగించి, కొత్త బ్లూయింగ్ (ఉక్కుకి వేసే నల్లటి పూత) వేసి, దీర్ఘచతురస్రంలో అడ్డగీత ఉన్న ముద్ర ఒకటి కొట్టి గోదాముల్లో పెట్టేశారు. నంబర్లు కలవని పార్టుల మీద పాత నంబర్ కొట్టేసి, ఫ్రేమ్ నంబర్ కొత్తగా గీకారు. పైపైన చూస్తే "అన్ని నంబర్లూ మ్యాచ్" అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముద్రలవేట గారికి దగ్గరే గానీ ఒక చోట ఆగుతాను. రీఫర్బ్ చేసినవాళ్ళు చరిత్రని భద్రంగా ఉంచారు అన్నట్టు మాట్లాడకండి. ఎన్నో పాత పీసుల మీద జార్ కాలపు రాతలు అరగదీసేశారు. నా దగ్గర ఒకటుంది, ఫ్రేమ్ మీద పాత రాత అరిగిపోయిన చోట వేలితో తడిమితే చిన్న పల్లం తగులుతుంది, వెలుతురు పక్కనుంచి పడితే రెండు అక్షరాల నీడ కనిపిస్తుంది. అది పోయింది. ఇంక రాదు. దాన్ని కూడా "వేరియేషన్" అని సంబరపడమంటే నాకు మనసొప్పదు. కానీ ఆ అక్షరాలు మళ్ళీ చెక్కించమంటే అది అంతకంటే పెద్ద తప్పు. పోయింది పోయినట్టే చూపించాలి.

గుమాస్తా (మోడరేటర్):
చిన్న మాట. ఏ దేశంలో ఏది యాంటీక్, దేనికి లైసెన్స్ కావాలి అన్నది ఎవరి చట్టం వాళ్ళు చూసుకోండి. సీరియల్ నంబర్ చెరపడం, మార్చడం చాలా దేశాల్లో నేరం, ఆ సలహాలు ఇక్కడ కనిపిస్తే తీసేస్తాను. అమ్మకాలు, మార్పిడి మాటలు కూడా ఈ థ్రెడ్‌లో వద్దు. కొనసాగించండి.

పాతకోల్ట్:
"నంబర్లు కలిస్తే మంచిది, కలవకపోతే చెడ్డది" అన్న లెక్క అన్నిచోట్లా పనిచెయ్యదని చెప్పడానికే వచ్చాను, హ్యామర్ గొడవలో నేను లేను.

కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ తీసుకోండి. 1873లో అమెరికా సైన్యం తీసుకుంది, ఏడున్నర అంగుళాల బ్యారెల్, .45. 1892లో కొత్త .38 డబుల్ యాక్షన్ కోల్ట్ వచ్చాక పాత .45లు స్టోర్లలో మూలపడ్డాయి. 1895 నుంచి 1903 దాకా వాటిని బయటికి తీసి బ్యారెల్ ఐదున్నర అంగుళాలకి కోసి మళ్ళీ ఇష్యూ చేశారు. కొన్ని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో, చాలావరకు కోల్ట్ ఫ్యాక్టరీలోనే. వీటినే మనం ఆర్టిలరీ మోడల్ అంటాం. ఈ పనిలో తుపాకులన్నీ విప్పి పార్టులు ఒకచోట పోసి ఏది చేతికొస్తే అది బిగించారు. కాబట్టి మొదట్లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మార్చినవాటిని పక్కనపెడితే ఆర్టిలరీ మోడల్‌లో ఫ్రేముకో నంబర్, ట్రిగ్గర్ గార్డ్‌కో నంబర్, సిలిండర్‌కో నంబర్ ఉండటమే సహజం. అన్నీ చక్కగా కలిసిన ఆర్టిలరీ ఎవరైనా చూపిస్తే నేను ముందు అనుమానిస్తాను. ఎవరో కూర్చుని పార్టులు వెతికి "సరిచేసి" ఉండొచ్చు. ఆ సరిచెయ్యడంతో దాని జాతకం చెడింది.

ఇంకో సంగతి. పాత కావల్రీ పీసుల (బ్యారెల్ కొయ్యని ఏడున్నర అంగుళాలవి) మీద ఇన్‌స్పెక్టర్ల ఇనీషియల్స్ ఉంటాయి. ఎయిన్స్‌వర్త్ పాస్ చేసిన పీసులంటే జనం ఎగబడతారు, ఎందుకంటే 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికన్ అశ్వికదళ అధికారి కస్టర్ దళం దగ్గరున్న కోల్టులు ఆయన కాలంవే. ఆ ఇనీషియల్స్ కోసం, ఫ్రేమ్ మీద "యు.ఎస్." ముద్ర కోసం మామూలు సివిలియన్ పీసులకి దొంగ ముద్రలు కొట్టినవాళ్ళు తక్కువమందేం కాదు. మొదట అందరూ "నా షెల్ఫ్ కోసమే" అనే మొదలెట్టి ఉంటారు. ఆరుగుళ్ళు గారూ, మిమ్మల్ని అనట్లేదు.

ఆరుగుళ్ళు:
అన్నట్టే ఉంది గానీ పర్లేదు :)

కొత్తమొహం:
సార్లూ, మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నేనింకా ఒక్కటి కూడా కొనలేదు, ఫోటోలు చూసే రకం. ఒక ఎన్‌ఫీల్డ్ ముందు పెడితే అది మొదటినుంచీ మార్క్ 1 స్టారా, మార్చిందా, లేక ఈ మధ్య ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది ఎలా చెప్తారు? సంవత్సరం చూసి చెప్పేయొచ్చా?

ముద్రలవేట:
కొత్తమొహం గారూ, మంచి ప్రశ్న. సంవత్సరం సగం చెప్తుంది. ఫ్రేమ్ మీద 1938 కంటే ముందు ఏడాది ఉండి హ్యామర్‌కి తోక లేకపోతే అది మార్చిందే. 1938 దగ్గరే తిరకాసు, ఆ ఏడాది రెండూ తయారయ్యాయి. మిగతా సగం భూతద్దంతో చూడాలి.

ముందు నక్షత్రం. ఫ్యాక్టరీలో మొదటినుంచీ స్టార్‌గా తయారైతే "మార్క్ 1" అన్న అక్షరాలూ నక్షత్రమూ ఒకే లోతులో, ఒకే వరసలో ఉండటం మామూలు. తర్వాత కొట్టిందైతే వేరే పంచ్, వేరే చెయ్యి, వేరే రోజు. కొంచెం పైకో కిందకో జరిగి ఉంటుంది, ఒకవైపు లోతుగా దిగి ఇంకోవైపు తేలిపోతుంది. పంచ్ దిగినప్పుడు లోహం పక్కకి పొంగి గట్టు కడుతుంది కదా, పాత అక్షరాల గట్లు పాలిష్‌లో అరిగిపోయి ఉంటాయి, నక్షత్రం గట్టు ఇంకా గోరుకి గరుకుగా తగులుతుంది. ఆ తర్వాత ఫినిష్. నక్షత్రం గుంటలోపల కూడా చుట్టూ ఉన్న రంగే ఉంటే ముద్ర ముందు పడింది, పూత తర్వాత పడింది. గుంటలో ఉత్త లోహం మెరిస్తే పూత తర్వాత కొట్టినట్టు. యుద్ధం తర్వాత ఓవర్‌హాల్ అయినవాటికి నల్ల ఎనామెల్ పెయింట్ మందంగా వేశారు. ఆ పెయింట్ ముద్రల్లోకి దిగి అక్షరాలు ఉబ్బిపోయినట్టు కనిపిస్తాయి. పెయింట్‌ని చీల్చుకుని దిగిన నక్షత్రం కనిపిస్తే నేనైతే పర్సు జేబులో పెట్టుకుంటాను.

తర్వాత హ్యామర్. మార్క్ 1 స్టార్‌కి తోక ఒక్కటే కాదు, హ్యామర్‌లో సింగిల్ యాక్షన్ గాడి (వెనక్కి లాగిన హ్యామర్‌ని అక్కడే నిలబెట్టేది) కూడా ఉండదు. మెయిన్ స్ప్రింగ్ కూడా కొంచెం తేలికది వేశారు, ట్రిగ్గర్ లాగడం సులువవ్వాలని. కాబట్టి హ్యామర్‌కి తోక లేకుండా గాడి మాత్రం ఉందనుకోండి, అది సైన్యం చేసిన మార్పు కాదు, ఎవరో ఇంట్లో ఆకురాయితో చేసిన వైద్యం. ఎన్‌ఫీల్డ్‌కి సైడ్ ప్లేట్ ఉంది కాబట్టి లోపల చూడటం కష్టమేం కాదు, వెబ్లీకి ఆ సౌకర్యం లేదు.

గ్రిప్పులు కూడా మార్క్ 1 స్టార్‌కి మారాయి, బొటనవేలు ఆనడానికి పల్లం ఇచ్చారు. తర్వాత చెక్క పోయి ప్లాస్టిక్ వచ్చింది. కానీ గ్రిప్ రెండు నిమిషాల్లో మార్చేయొచ్చు, దాన్ని సాక్ష్యంగా నమ్ముకోవద్దు.

పాతఇనుము గారు తోక హ్యామర్ పెడితే, పాత స్ప్రింగ్ కూడా వెతకాలి, పాత గ్రిప్పులూ వెతకాలి. ఒక్క పార్టుతో ఆగే వ్యవహారం కాదిది. అన్నీ పెట్టాక మిగిలే తేడా ఆ నక్షత్రం ఒక్కటే. అప్పుడు దాని మీద చెయ్యి దురద పెట్టదని గ్యారంటీ ఏంటి? మీ చెయ్యి కాదులెండి, మీ తర్వాత కొన్నవాడి చెయ్యి.

తళతళ:
ఫినిష్ మాటొచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఫ్రెంచ్ 1873 మోడల్, సెంటెతియెన్‌లో తయారైంది, దానికి అసలు బ్లూయింగే లేదు. సైనికుల పీసు తెల్లగా, పాలిష్ చేసిన ఉక్కు. ఆఫీసర్లది 1874, అదే నల్లగా, సిలిండర్ మీద పొడవాటి గాడులతో ఉంటుంది. ఈ సంగతి తెలియక 1873ని "పాపం రంగు పోయింది" అని బ్లూయింగ్ చేయించినవాళ్ళని చూశాను. అసలు రూపానికి తెస్తున్నాం అనే ముందు అసలు రూపం ఏంటో తెలియాలి కదా. అంతే, వెళ్ళిపోతున్నా.

సరోజ_మార్క్6:
నేను వెబ్లీ మార్క్ 6 మనిషిని. ఇద్దరి మాటల్లోనూ నాకు ఒక లోటు కనిపిస్తోంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది వదిలేసి "మార్పు" అని అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు.

మార్క్ 6 1915లో వచ్చింది, ఆరంగుళాల బ్యారెల్, .455. యుద్ధాల తర్వాత సర్‌ప్లస్‌గా అమెరికా చేరినవాటిలో చాలావాటికి సిలిండర్ వెనక భాగం చెక్కేశారు, .45 ఏసీపీ తూటాలు హాఫ్ మూన్ క్లిప్పులతో (మూడేసి తూటాలు పట్టుకునే అర్ధచంద్రాకారపు రేకులు) పట్టడానికి. అది సైన్యం చేసింది కాదు, అమ్ముకోవడానికి వ్యాపారులు చేసింది. పైగా ఫ్యాక్టరీ .45 ఏసీపీ ప్రెజర్ ఆ తుపాకికి ఎక్కువ, అలా కాల్చి సిలిండర్లు పగిలిన సందర్భాలున్నాయి. ఇలాంటి మార్పుని నేను గౌరవించాలా? అదే కాలం నాటి, వెనక భాగం చెక్కకుండా ఉన్న సిలిండర్ దొరికితే నేను పెట్టేస్తాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. సిలిండర్ నంబర్ కలవదు. కలవకపోతే కలవదు, కాయితం మీద రాసి పెడతాను.

కానీ పాతఇనుము గారి కేసు అది కాదు. అక్కడ మార్చింది సైన్యం, సర్వీసులో ఉండగా, లెక్క ప్రకారం, ముద్ర కొట్టి. దాన్ని తిరగేస్తే ఒక రికార్డు చెరిపినట్టే. ఆరుగుళ్ళు తమ్ముడూ, నీ గ్రిప్ ఉదాహరణ కూడా ఇక్కడే తేలిపోతుంది, పగిలిన గ్రిప్ ఎవరి నిర్ణయమూ కాదు, ప్రమాదం.

ఆరుగుళ్ళు:
అక్కా, మీరు చెప్పిన గీత బాగుంది, కానీ అది గీసినంత నిటారుగా ఉండదు. ఎన్‌ఫీల్డ్‌లోనే చూడండి. 1942లో మార్క్ 1 డబుల్ స్టార్ తెచ్చారు, తయారీ తొందరగా అవ్వాలని హ్యామర్ సేఫ్టీ స్టాప్ తీసేశారు. కింద పడితే పేలే ప్రమాదం ఉందని తెలిసి తర్వాత వాటిని వెనక్కి పిలిచి స్టాప్ పెట్టారు. అంటే సైన్యమే తను చేసిన మార్పుని తనే తిరగేసింది! అప్పుడు ఆ మధ్యలో ఉన్న రూపం రికార్డు చెరిగిపోలేదా? అందుకే అసలైన డబుల్ స్టార్ ఇవాళ అంత అరుదు. సైన్యానికి రికార్డు మీద లేని భక్తి మనకెందుకు?

ముద్రలవేట:
సైన్యానికి పని కావాలి, మనకి రికార్డు కావాలి. వాళ్ళకి లేదు కాబట్టే మనకి ఉండాలి. లేకపోతే ఈ పని ఇంకెవరు చేస్తారు చెప్పండి.

అన్నట్టు డబుల్ స్టార్‌ని "అసలు రూపానికి" తెద్దామని ఎవరూ ఆ స్టాప్ పీకకండి, అది సేఫ్టీ భాగం.

తులాబ్యాచ్:
ఆరుగుళ్ళు అన్నది నాకు కొంచెం తగిలింది. స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్ గుర్తొచ్చింది. సీరియల్ ముందు వి అక్షరం ఉంటుంది కదా. 1944లో ఒక రివాల్వర్ డెక్ మీద పడి పేలి నావికుడు చనిపోయాక కొత్త హ్యామర్ బ్లాక్ పెట్టి, వి పక్కన ఎస్ అక్షరం చేర్చారు. ఆ ఒక్క అక్షరంతో లోపల ఏం మారిందో ఇవాళ్టికీ విప్పకుండా చెప్పగలం. మార్పుని లోహం మీద రాసి పెడితే ఎంత మేలో చూడండి. రాయకుండా మార్చిన చోటే మన తలనొప్పులన్నీ. కలెక్టర్ చేతిలో జరిగే మార్పుల్లో తొంభై పాళ్ళు రాయకుండా జరిగేవే.

ఆరుగుళ్ళు:
రాస్తానంటున్నానుగా. తీసిన హ్యామర్ ఒక కవర్లో, ఏ తేదీన ఏం మార్చానో ఒక చీటీ. ఇంకేం కావాలి?

పాతకోల్ట్:
చీటీ ఎప్పుడూ తుపాకితో పాటు ప్రయాణం చెయ్యదు బ్రదర్. యజమాని పోయాక పిల్లలు అమ్మేస్తారు. కవర్ డస్ట్‌బిన్‌లోకి, పీసు వేలంలోకి.

పాతఇనుము:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ముద్రలవేట గారు చెప్పినట్టు భూతద్దం పెట్టి చూశాను. నక్షత్రం మార్క్ 1 అక్షరాల కంటే కొంచెం పైకి ఉంది, ఎడమవైపు కోణాలు లోతుగా, కుడివైపువి తేలిగ్గా ఉన్నాయి. గుంటలో చుట్టూ ఉన్న నలుపే ఉంది, కానీ పెయింట్ కాదు, పలచగా ఉంది. సైడ్ ప్లేట్ తీసి చూస్తే ఇప్పుడున్న హ్యామర్‌లో గాడి లేదు. గ్రిప్పులు మాత్రం పాత రకం చెక్కవే, పల్లం లేదు, కుడి గ్రిప్‌లో ఇత్తడి బిళ్ళ ఉంది, దాని మీద ఏమీ కొట్టలేదు. అంటే హ్యామర్ మార్చినప్పుడు గ్రిప్పులు మార్చలేదా, లేక తర్వాత ఎవరైనా పాతవి తెచ్చి పెట్టారా తెలియట్లేదు.

ముద్రలవేట:
బిళ్ళ చుట్టూ చెక్క మీద ఆకుపచ్చ మరక ఉందా చూడండి. ఆ బిళ్ళ చాలాకాలంగా ఆ చెక్కలో ఉంటేనే ఆ మరక పడుతుంది. గ్రిప్ లోపలివైపు అచ్చు, ఫ్రేమ్ మీద ఉన్న తుప్పు గీత, రెండూ ఒకదానికొకటి సరిపోతే ఆ గ్రిప్పులు ఆ ఫ్రేమ్ మీద ఎన్నో ఏళ్ళు కలిసి ఉన్నట్టే.

పాతఇనుము:
మరక ఉంది. తుప్పు గీత కూడా కలుస్తోంది, కింద స్క్రూ దగ్గర వంపుతో సహా.

సరోజ_మార్క్6:
అదిగో. హ్యామర్ మారింది, గ్రిప్ మారలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే మంచిదైంది. ఇంక బిగిస్తానంటే నేనే వచ్చి ఆపుతాను.

ఆరుగుళ్ళు:
ఈ పీసు వరకు సరే, నేను తగ్గాను. సూత్రం మాత్రం ఒప్పుకోలేదు. మీ అందరికీ ఒక కష్టమైన కేసు ఇస్తాను, చెప్పండి. నా దగ్గర 1935 ఎన్‌ఫీల్డ్ ఉంది. తోక లేదు. కానీ ఫ్రేమ్ మీద నక్షత్రం కూడా లేదు. సైన్యంలో మార్చి ముద్ర కొట్టడం మర్చిపోయారా? నేను ఇన్నాళ్ళూ "ముద్ర మిస్ అయిన అరుదైన వేరియేషన్" అని అందరికీ చెప్పుకుంటున్నాను, కొన్నప్పుడు అమ్మినాయన కూడా అదే చెప్పాడు.

పాతకోల్ట్:
అమ్మేవాళ్ళు అన్నీ అరుదైనవే అంటారు.

ముద్రలవేట:
సైడ్ ప్లేట్ తీసి గాడి ఉందో లేదో చూడండి. గాడి లేకపోతే మీ మాటకి బలం ఉంది, ఆయుధ వర్క్‌షాపులో హడావిడిలో నక్షత్రం కొట్టకుండా వదిలేయడం జరగని పని కాదు. గాడి ఉంటే మాత్రం... ముందు చూడండి.

ఆరుగుళ్ళు:
తీశాను. ఫోటోలు పెడుతున్నాను. గాడి ఉంది. తోక ఉండాల్సిన చోట అడ్డంగా ఆకురాయి గీతలున్నాయి, పైన నల్లరంగు పూసేసరికి ఇన్నాళ్ళూ కనిపించలేదు. స్ప్రింగ్ కూడా గట్టిదే అనిపిస్తోంది.

తులాబ్యాచ్:
మూడో ఫోటో చాలు. అది మార్క్ 1. పాపం ఎవరో తోక కోశారు.

సరోజ_మార్క్6:
నా సిలిండర్ లెక్కే దీనికీ. సైన్యం చేసింది కాదు, నక్షత్రం లేదు, కాబట్టి ఏ రికార్డూ చెరగదు. ఈ ఫ్రేమ్‌కి తోక హ్యామర్ పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. ముద్రలవేట గారూ?

ముద్రలవేట:
అభ్యంతరం లేదు, కానీ ఉత్సాహం కూడా లేదు. కోసిన హ్యామర్ పారేయకండి, ఏం చేశారో గ్రిప్ లోపలివైపు పెన్సిల్‌తో రాయండి. చీటీ పోతుంది గానీ గ్రిప్ పోదు. దాన్ని "ముట్టుకోని మార్క్ 1" అని మాత్రం ఎప్పుడూ ఎవరికీ చెప్పొద్దు.

ఆరుగుళ్ళు:
రాస్తాను. పాతఇనుము గారూ, ఆ తోక హ్యామర్ ఇప్పుడు మీకెలాగూ అక్కర్లేదు కదా, నా దగ్గర పల్లం ఉన్న గ్రిప్పుల జత ఒకటి...

గుమాస్తా (మోడరేటర్):
మార్పిడి మాటలు వద్దని పైనే చెప్పాను. ఆరుగుళ్ళు గారూ, నాలుగో ఫోటో మసగ్గా ఉంది, గాడి దగ్గర్నుంచి కనిపించేలా ఇంకొకటి తీసి పెట్టండి, కొత్తవాళ్ళకి పనికొస్తుంది.

కొత్తమొహం:
అవును సార్, ప్లీజ్. కుదిరితే పాతఇనుము గారి గాడి లేని హ్యామర్‌ది కూడా, రెండూ పక్కపక్కన.